ఈ యేడు ఏ కొండ?

ఈ ఉదయం కిటికీ తెరవగానే పచ్చి కొమ్మలు కాలుతున్న వాసన గదిలోకి వచ్చింది. ఫాల్గుణం రాగానే అరకు చుట్టూ ఇదే వాసన. కొండవాలుల్లో పోడు సాగు కోసం నరికిన పొదలకు నిప్పు పెడతారు. ఆ పొగ రెండు మూడు రోజులు లోయలోనే పడి ఉంటుంది. కొత్తగా వచ్చిన యాత్రికులు మంచు అనుకుని ఫొటోలు తీసుకుంటారు. నేను కిటికీ మూసేశాను. ఈ వాసనతో నాకు సోమన్న గుర్తుకొస్తాడు. ఆ వెనకే, అతని ఇంటికి నేను చేసిన నష్టం గుర్తుకొస్తుంది.

సోమన్న టెలిఫోన్ల శాఖలో లైన్‌మన్. నేను మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన అతని పై అధికారిని. వయసులో మాత్రం అతనికంటే మూడేళ్లు చిన్న. నేను వచ్చిన మొదటి వేసవిలోనే పోడు మంటలకు రెండు చెక్క స్తంభాలు కాలిపోయి, కొండమీది పనసగుడకు ఫోను తెగిపోయింది. పనసగుడ సోమన్న సొంత ఊరు. నేను మండిపడి పోలీసులకు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. సోమన్న బల్ల పక్కన నిలబడి కాసేపు చూశాడు.

"ఏటి రాత్తన్నారు బాబూ?"

"తగలబెట్టినవాళ్ల మీద కేసు."

"కేసెడితే పంట మానేత్తారేటి? తగలెట్టకముందే ఎల్లి అడిగితే సరిపోద్ది గదా."

"అడిగితే చెబుతారా?"

"మాగం రానీండి, సూపిత్తాను. ఆ బూట్లు మాత్రం ఇప్పీసి రావాల. నవ్వుతారు."

మాఘమాసంలో స్తంభాలు వెళ్లే దారిలోని కొండ ఊళ్లకు తీసుకెళ్లాడు. ఇంటింటికీ ఆగి అంబలి తాగాడు. మేకలకొచ్చిన జబ్బు గురించి, కుదిరిన పెళ్లిళ్ల గురించి మాట్లాడాడు. ఫోను మాట ఎత్తనే లేదు. లేచేటప్పుడు మాత్రం తువ్వాలు దులుపుకుంటూ, "ఈ యేడు ఏ కొండ?" అన్నాడు. వాళ్లు చేయెత్తి చూపించారు. మన స్తంభాలున్న వాలయితే వాటి చుట్టూ ఆకూ అలమూ ఊడ్చేసి, ఆ తర్వాతే నిప్పు పెడతామన్నారు. అన్నమాట ప్రకారమే చేశారు. ఆ ఏడు ఒక్క స్తంభమూ కాలలేదు.

అప్పటినుంచి ఏటా అతని వెంట వెళ్లేవాణ్ణి. ఏ కుటుంబం ఏ వాలులో పొదలు కొడుతోందో ఆ రాత్రే డైరీలో రాసుకునేవాణ్ణి. సోమన్నకు చదువు రాదు. నా రాతను చూసి, "నాను కడుపులో దాసుకున్నది మీరు కాయితంలో దాత్తన్నారు. సెదలు పట్టకుండా సూసుకోండి," అని ఎగతాళి చేసేవాడు. అధికారం అనేది కాగితం మీద ఉండదనీ, మనిషి వాకిట్లో కూర్చుని అడిగితేనే దొరుకుతుందనీ నాకు నేర్పింది అతనే. నేర్చుకున్నాననే అనుకున్నాను.

ఇద్దరం ఉద్యోగ విరమణ చేసిన కొన్నేళ్లకు కరెంటు స్తంభాల మీదుగా పనసగుడకు ఇంటర్నెట్ తీగ వచ్చింది. ఆ తీగ బాగోగులు చూసే కాంట్రాక్టరు, కొండలు తెలిసినవాణ్ణని నన్ను పర్యవేక్షణకు పెట్టుకున్నాడు. సోమన్న చిన్న కూతురు కుమారి డిగ్రీ చదివి, విశాఖలో ఒక కంపెనీలో ఆసుపత్రి బిల్లులు కంప్యూటరులోకి ఎక్కించే పని నేర్చుకుంది. ఆ పనే ఇంటినుంచి చేసుకోవచ్చని తెలిసి ఊరికి వచ్చేసింది. చర్చి పక్క గది పాస్టరుగారు ఇచ్చారు. కుమారి మరో నలుగురు ఆడపిల్లలకు పని నేర్పి చేర్పించింది. అయిదుగురూ పొద్దున్నే తలదువ్వుకుని గదికి వెళుతుంటే సోమన్న అరుగు మీద కూర్చుని చూసేవాడు.

"కూకోనుంటే జీతమిత్తారంట బాబూ! నాను ముప్పయ్యేళ్లు నడిసి నడిసి సచ్చాను."

"నీ తీగ పుణ్యమేలే అయ్యా," అనేది కుమారి తండ్రితో.

ఏడాది తిరిగేసరికి ఊళ్లో తేడా కనబడింది. ఆ అయిదిళ్లవాళ్లు కాఫీ పండు చెట్టు మీద ఉండగానే సావుకారికి చవగ్గా అమ్ముకోవడం మానేశారు. రోజుకు రెండుసార్లు ఆటో పైకి రావడం మొదలైంది. ఒకావిడ కుట్టుమిషను కొని జాకెట్లు కుట్టసాగింది. బతుకుతెరువుకు తిరుపూరు బట్టల మిల్లులకు పోదామనుకున్న ఆడపిల్లలు ఇద్దరు ఆగిపోయారు.

ఆ మాఘంలో సోమన్న ఆయాసంతో మంచం పట్టాడు. "ఈపాలి మీరే ఎల్లి అడగాల బాబూ," అని కబురు పంపాడు. సరేనన్నాను. ఇంటికొచ్చి డైరీ తీశాను. పోయినేడు పోడు అవతలి వాలులో కొట్టారు. ఒకసారి కొట్టిన నేలలో రెండు మూడేళ్లు పండిస్తారు. తీగ ఉన్నది ఇవతలి వాలులో. ఎక్కి దిగడానికి నా మోకాళ్లూ సహకరించడం లేదు. "వెళ్లనక్కరలేదు" అని డైరీలో రాసి మూసేశాను.

వానాకాలంలో అవతలి వాలులో పిడుగు పడి ఒక ఎద్దు చచ్చిందట. కీడని ఆ నేల వదిలేసి, ఇవతలి వాలు కొట్టారు. అది నా పుస్తకంలో లేదు. ఫాల్గుణంలో నిప్పు పెట్టినప్పుడు వాలు పొడవునా తీగ కరిగి కారిపోయింది. కొత్త తీగచుట్ట రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పిల్లలు ల్యాప్‌టాపులు మోసుకుని కొండకొమ్ముకెక్కి సెల్‌ఫోను సిగ్నలుతో ప్రయత్నించారు. చాలలేదు. కంపెనీ నాలుగు రోజులు చూసి అయిదుగురినీ తీసేసింది.

డైరీ చంకలో పెట్టుకుని సోమన్న ఇంటికి వెళ్లాను. అతని భార్య లచ్చమ్మ గుమ్మంలోనే, "రండి ఆఫీసరుగోరూ! ఇప్పుడు తోవ తెలిసిందేటి?" అంది. సోమన్న మంచం పక్కన కూర్చుని ఆ పేజీ తీసి చదివి వినిపించాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"మీ పుస్తకంలో అబద్దం నేదు బాబూ," అన్నాడు చివరికి. "పోయినేడు అది నిజవే."

తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి.

మిగతా పిల్లలు ఇళ్లల్లో పనులకు పడ్డారు. కుమారి తిరుపూరు వెళ్లిపోయింది. శ్రావణంలో సోమన్న పోయాడు. ఆమెకు రైలు దొరకలేదు. అప్పటికి తీగ బాగుపడింది కనక, తండ్రిని పాతిపెట్టడం ఎవరో ఫోను ఎత్తి పట్టుకుంటే అందులో చూసింది. ఏడుపు మాత్రం ఇక్కడ అందరికీ వినిపించింది.

చర్చి గదిలో ఇప్పుడు మళ్లీ ముగ్గురు పనిచేస్తున్నారు. వేరే కంపెనీ. కుమారికి ఫోను చేసి వచ్చేయమన్నాను. "ఎందుకు సార్? ఈ మిషను కాడికి ఏ మంటా రాదు," అంది. కోపంగా అనలేదు. అచ్చం తండ్రి గొంతుతోనే అంది.

ఏటా మాఘంలో కొండెక్కుతున్నాను. మోకాళ్లు పట్టేసినా ఎక్కుతున్నాను. వాకిలి వాకిలికీ ఆగి, ఏ కొండ అని అడుగుతున్నాను. ఆఖరున లచ్చమ్మ వాకిట్లో కూర్చుంటాను. ఆమె అంబలి గిన్నె ముందు పెడుతుంది. తాగి, గిన్నె బోర్లించి, చాలాసేపు అక్కడే ఉంటాను. కూతురు ఎప్పుడొస్తుందని ఇంతవరకూ అడగలేకపోయాను.