గుడ్లు దించితే ఆగిపోయే చప్పుడు

నేర్చుకుంటున్న పనిలో మొదటి ఏడాది పూర్తి కాకముందే అందులో తనకు తెలియనిది లేదనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ వయసులో ఉన్నాను. మహబూబాబాద్‌లో ఐటీఐ, ఫిట్టర్ ట్రేడు, మొదటి సంవత్సరం. ఇంట్లో ఏది కిర్రుమన్నా ఎవరూ పిలవకుండానే స్పానర్ల సంచీతో హాజరయ్యేవాణ్ని. (నేను బాగుచేశాక మా ఫ్యాను కిర్రుమనడం మానేసింది. తిరగడం కూడా మానేసింది.) మా నాన్న, బాపు అయితే నా చేతిలో సంచీ కనబడగానే లేచి వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడేవాడు.

మాది నెల్లికుదురు మండలంలో ఒక ఊరు. అంతకు ఆరు నెలల ముందే మా అక్కకు గుట్ట అవతలి తండాలో అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం వచ్చింది. మా ఇంటిలో ఉద్యోగం అనే మాట వినబడడం అదే మొదలు కాబట్టి, ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే మేమంతా పని మానుకుని చూసేవాళ్లం. తొమ్మిదింటికల్లా సెంటరు తలుపు తీయాలి. ఆ దారిన బస్సు లేదు. ఉన్నదల్లా ఒక పాత లేడీస్ సైకిలు. దాని చైను సాగిపోయి గుట్ట మొదట్లోనే ఊడిపోయేది, అక్కడినుంచి అక్క దిగి తోసుకుంటూ పోయేది. అలా రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా ఇట్లాగే అయితే పైవాళ్లకు రాయక తప్పదని సూపర్‌వైజర్ మేడం చెప్పిందట.

"గట్టిగ తిట్టినా బాగుండురా. నెమ్మదిగ చెప్పింది. గందుకే భయమైతంది," అంది అక్క, అన్నం ముందు కూర్చుని తినకుండా.

"నేనుండంగ నీకేం పరేషాన్ అక్కా?" అన్నాను. (ఈ మాట నేనెప్పుడు అన్నా బాపు పైకప్పు వంక చూసేవాడు.)

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాను. కొత్త చైను తెచ్చాను. వెనక చక్రానికి పళ్లు ఎక్కువున్న పెద్ద ఫ్రీవీలు తెచ్చాను, అలాంటిదైతే ఎత్తు ఎక్కడం తేలికవుతుందని. పాత ఫ్రీవీలు ఊడదీసేసరికే మధ్యాహ్నమైంది. పనిలో పనిగా క్యారియర్ కాళ్లను పట్టి ఉంచే తుప్పుబోల్టులు కూడా తీసేసి కొత్తవి బిగించాను. సాయంత్రం సైకిలును సీటు మీద తలకిందులుగా నిలబెట్టి పెడలు తిప్పితే చక్రం గాలిలా తిరిగింది, చప్పుడన్నదే లేదు. అక్క వాడలో ఒక చుట్టు తొక్కి వచ్చి, "మస్తుగుందిరా!" అంది. నాకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేదనిపించింది.

సోమవారం అక్క మామూలుకంటే పెందలాడే బయలుదేరింది. గుడ్ల ఆటో గుట్ట ఎక్కదు కాబట్టి సెంటరు గుడ్లు మా ఇంట్లోనే దించిపోయేవారు. క్యారియర్ మీద గోనెసంచి పరిచి, రెండు అట్టల గుడ్లు, మీద పప్పు మూట పెట్టి పాత చీరముక్కతో కట్టాం. నేను ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి, నా పనితనం కళ్లారా చూసుకుందామని సంచీ భుజాన వేసుకుని వెనకాలే నడిచాను. ఊరు దాటామో లేదో, గర్ర్... గర్ర్... మొదలైంది.

"ఏందిరా గిది?"

"కొత్త చైను గద అక్కా, జర సర్దుకుంటది. నువ్వు తొక్కు."

అది సర్దుకోలేదు. గుట్ట మొదలయ్యేసరికి చైనును ఎవరో ఆకురాయితో రాస్తున్నట్టు అరవసాగింది, పెడలు బిగుసుకుపోయింది. ఆపాం. చీరముక్క విప్పి, గుడ్ల అట్టలు ఒక్కొక్కటే చంటిపిల్లల్లా దించి బండ నీడన పెట్టాం. సైకిలు తలకిందులు చేసి పెడలు తిప్పాను. నిశ్శబ్దం. నూనె చాల్లేదని తేల్చి, నూనె పోసి, గుడ్లు ఎత్తి కట్టాం. నాలుగు గజాలు పోగానే గర్ర్. మళ్లీ దించాం, మళ్లీ తలకిందులు, మళ్లీ నిశ్శబ్దం. చైను వదులైందన్నాను, చక్రం వెనక్కి లాగి బిగించాను. గుడ్లు ఎత్తాం. గర్ర్. మూడోసారి నేరం చైన్ కవరు మీద మోపి దాన్ని రాయితో కొట్టి వంచాను. (పాపం, ఆ కవరుకు ఏ పాపమూ తెలియదు.) ఎత్తాం. గర్ర్.

అక్క చేతి గడియారం చూసుకుని రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. "ఇయ్యాల పొయ్యిందిరా నా నౌకరి," అంది. కళ్ల నిండా నీళ్లు. తిట్టలేదు. ఆ క్షణంలో సంచీ, స్పానర్లు అన్నీ గుట్ట మీదినుంచి కిందికి విసిరేద్దామనిపించింది.

అక్కడే మేకలు కాస్తూ ఒక అవ్వ మొదటినుంచీ మమ్మల్నే చూస్తోంది. ఆమె కర్ర ఊతంగా లేచి వచ్చింది.

"పిల్లగా, నీకు గింత అక్కల్, గింత తెలివి లేదా? గుడ్లు ఎత్తితె మొత్తుకుంటది, దించితె ఊకుంటది. దించినంక సూస్తే నీకేం కనబడ్తది? ఎత్తినప్పుడు సూడు!"

(ఐటీఐలో ఇది చెప్పే ఉంటారు. ఆ రోజు నేను ఏదో ఫ్యాను బాగుచేస్తూ ఉండి ఉంటాను.) గుడ్లు కట్టి ఉండగానే అక్క హ్యాండిలు పట్టుకుంది, అవ్వ సీటు పట్టుకుని వెనక చక్రం నేలకు తగలకుండా ఎత్తింది, నేను నేల మీద బోర్లా పడుకుని పెడలు తిప్పాను. కనబడింది. బరువుకు క్యారియర్ కాలు లోపలికి వంగి, దాని బోల్టు తోక చైనును రాస్తోంది. పాత బోల్టుకు తల లోపలికి, నట్టు బయటికి ఉండేది. నేను తిరగేసి బిగించాను.

"గట్లెందుకు బిగించినవ్?" అంది అక్క.

కొత్త బోల్టు తల నిగనిగలాడుతోంది కాబట్టి నలుగురికీ కనబడాలని బయటికి పెట్టానని ఎలా చెప్పను? "ఏమో అక్కా," అని గొణిగి, బోల్టు తీసి తిప్పి బిగించాను. అయిదు నిమిషాల పని. అవ్వ మేకల వైపు మళ్లుతూ, "ఏం సదువుతున్నవ్ కొడుకా?" అని అడిగింది. నేను వినబడనట్టు స్పానర్లు సర్దుకున్నాను.

మేము తండా చేరేసరికి పది కావస్తోంది. సూపర్‌వైజర్ మేడం పిల్లల్ని గడపలో కూర్చోబెట్టుకుని, ఒళ్లో రిజిస్టరుతో ఎదురుచూస్తోంది. తప్పు నా మీద తోసేస్తే అక్క బయటపడుతుంది. తోసేయాలనే నేను కోరుకున్నాను, ముందుకొచ్చి నోరు కూడా తెరిచాను. అక్క చెయ్యి అడ్డంపెట్టి, "మా తమ్ముడు సైకిలు మంచిగనే చేసిండు మేడం. నేనే బరువు ఎక్కువ కట్టుకున్న. తప్పు నాదే," అంది.

మేడం మసి, నూనె కలిసిన నా మొహాన్ని, వెనక కట్టి ఉన్న గుడ్ల అట్టల్ని చూసింది. "గుడ్లు ఎన్ని పలిగినయ్?"

"ఒక్కటి గూడ లేదు మేడం."

ఆమె రిజిస్టరులో టైము రాసింది. మేడం ఇంకేమీ రాయకుండా రిజిస్టరు మూసేసి, "పొయ్యి ముట్టియ్యమ్మా, పిల్లలు ఆకలిగున్నరు," అంది.

సాయంత్రం తిరుగుదారి అటువైపునుంచి ఇంకా ఎత్తు. అక్క ముందు తొక్కుతోంది, నేను వెనక పరుగెత్తుతున్నాను, ఎక్కడ దిగుతుందా అని. సగం దాటింది. దిగలేదు. పైకి చేరి, ఒక కాలు కింద ఆనించి వెనక్కి తిరిగి, "ఒరేయ్, దిగకుంట ఎక్కినరా! మొత్తం గుట్ట దిగకుంట ఎక్కిన!" అని అరిచింది. నేను ఆయాసపడుతూనే "నేనే బిగించిన!" అని కనబడ్డ చెట్టుకల్లా చెప్పుకుంటూ ఎక్కాను.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో పెద్ద పెద్ద యంత్రాల మధ్య పనిచేస్తున్నాను. అక్క ఇంకా అదే సెంటరుకు పోతోంది, స్కూటీ మీద. దానికి రిపేరొస్తే షోరూముకు ఇస్తుంది, అదే మంచిది కూడా. కానీ ఒక్కోసారి మధ్యాహ్నం పని ఆగినప్పుడు, తనకంతా తెలుసనుకున్న ఆ పిల్లగాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడికేమీ తెలియదని అక్కకు తెలుసు. తెలిసే, ఆ మరునాడు పొద్దున సైకిలును నా ముందుకు తెచ్చి నిలబెట్టి, "బ్రేకులు గూడ జర సూడురా," అంది.