గార్డు తీసిన రోజు

చెక్క కాలిన వాసన తగిలితే ఇప్పటికీ నా తల దానంతటదే కిందికి దిగిపోతుంది. పొయ్యిలో కట్టె కాలే వాసన కాదు. తిరుగుతున్న రంపపు బ్లేడుకి సిల్వర్ ఓక్ పలక పక్క నుంచి ఒరుసుకున్నప్పుడు వచ్చే వాసన. కొంచెం తియ్యగా, కొంచెం చేదుగా గొంతులో పట్టేస్తుంది. మొన్న పొద్దున్న అరకులోని మా షెడ్డులో, కొత్తగా చేరిన అమ్మాయి తేనెపెట్టెకి పక్కపలక కోస్తుంటే ఆ వాసన వచ్చింది. వెంటనే మిషను ఆపించాను. చూస్తే ఫెన్సు, అంటే చెక్కని ఆనించి జరిపే ఇనుప పట్టీ, వెనకవైపు బ్లేడుకి వెంట్రుకవాసి దగ్గరగా జరిగి ఉంది. సరిచేశాం. పలక మీద పడిన నల్లటి మచ్చని గరుకు కాగితంతో రుద్దుతూ ఆ అమ్మాయి, "తప్పు సేసింది నాను. మొకం దించుకున్నావు నువ్వు. ఏటైనాదక్కా?" అంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు దానియేలు మేస్త్రి గారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే సిగ్గు ముందు వస్తుంది, మిగతావన్నీ తర్వాత వస్తాయి.

ఆయన మైదానం నుంచి కొండెక్కి వచ్చిన వడ్రంగి. చర్చికి బెంచీలు చెయ్యడానికని వచ్చి, ఈ చలికి అలవాటుపడి, భార్య రాహేలమ్మ గారితో అరకులోనే ఉండిపోయారు. కొండ ఊళ్ళలో తేనెటీగలు పెంచేవాళ్ళు ఎక్కువవడంతో, పెట్టెలు ఇక్కడే చేయించాలని ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్పడానికి ఆయన్ని తీసుకున్నారు. నేను జి.మాడుగుల అవతల కొండ మీది ఊరి నుంచి వచ్చాను. మా ఇంట్లో మాట్లాడేది కువి భాష. తెలుగు బడిలో నేర్చుకున్నదే కాబట్టి, ప్రతి మాటా నోట్లోనే ఒకసారి అనుకుని గానీ బయటికి తీసేదాన్ని కాదు. ఆ బ్యాచ్‌లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పొడుగ్గా ఉంటానని వంగి నడిచేదాన్ని. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, చెవులు వేడెక్కేవి.

మొదటి రోజే ఆయన నా గాజులు తియ్యమన్నారు. కుర్రాళ్ళంతా చూస్తున్నారు. పెళ్ళయిన ఆడది అందరి ముందూ గాజులు తియ్యడమేమిటని నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన కోప్పడలేదు. తన వేలికున్న పెళ్ళి ఉంగరాన్ని సబ్బు రాసి, తిప్పి తిప్పి, అతి కష్టం మీద లాగారు. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, "నాకూ పెళ్ళయిందే గుంటా. ఆ బ్లేడుకి నీ గాజూ ఒకటే, నా ఉంగరమూ ఒకటే. ఏది దొరికితే దాన్ని లాగుతాది, దాని ఎనకాల సెయ్యిని లాగుతాది" అన్నారు. నేను గాజులు తీసి ఆ ఉంగరం పక్కన పెట్టాను. కొంగు బిగించి దోపాను. జడ చుట్టి ముడేశాను. ఎవరూ నవ్వలేదు.

మిషను చిన్నది. ఇద్దరు పట్టుకుంటే ఆటోలోకి ఎక్కించేయొచ్చు. చదునైన ఇనుప బల్ల, దాని మధ్యనున్న చీలికలోంచి పైకి లేచే గుండ్రటి బ్లేడు, అంతే. చిన్నది కదా అని చనువు తీసుకోవద్దని ఆయన రోజూ చెప్పేవారు. ముందు నేల చూడాలి. కాలు కింద ఎత్తుపల్లాలుంటే చెక్కముక్క పెట్టి, బల్ల కదలకుండా బోల్టులు బిగించాలి. బ్లేడు ముట్టుకోవాలంటే స్విచ్చి కట్టెయ్యడం చాలదు, ప్లగ్గు పీకి కళ్ళ ముందు పెట్టుకోవాలి. ఫెన్సుకీ బ్లేడుకీ మధ్య ముందు ఎంత ఉందో వెనకా అంతే ఉండాలి. బ్లేడు పళ్ళు చెక్క పైకి కొద్దిగా కనిపిస్తే చాలు. బ్లేడు వెనకాల నిలబడే పలచటి ఇనుప రెక్క కోసిన చెక్కని మళ్ళీ మూసుకోనివ్వదు, పైన ఉండే గార్డు చేతిని పళ్ళ దగ్గరికి రానివ్వదు; ఈ రెండూ లేకుండా మిషను పెట్టకూడదు. సన్నటి ముక్కని చేత్తో కాక తోపుడు కర్రతో నెట్టాలి. బ్లేడుకి ఎదురుగా కాకుండా ఓ పక్కకి నిలబడాలి. ఇవన్నీ ఆయన నోటితో ఒకసారి చెప్పి, చేత్తో పదిసార్లు చేసి చూపించేవారు.

ఒకరోజు పని మధ్యలో కరెంటు పోయింది. కొండ మీద అది మామూలే. అందరం ఎండ కాచుకోవడానికి బయటికి పరిగెత్తాం. ఆయన గుమ్మంలోకి వచ్చి, "స్విచ్చి ఎవుడు కట్టేడు?" అని అడిగారు. ఎవరమూ కట్టలేదు. మమ్మల్ని లోపలికి పిలిచి దూరంగా నిలబెట్టారు. తానూ నిలబడ్డారు. చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే బ్లేడు ఒక్కసారిగా గుర్రుమని లేచింది. నేను అరిచేశాను. "అదీ," అన్నారాయన, "ఇప్పుడు అక్కడ ఎవుడి సెయ్యైనా ఉండుంటే?" తర్వాత నా వైపు తిరిగి, "చిలకమ్మా, నువ్వు స్విచ్చి వైపు సూసేవు. నాను సూసేను. గుర్తొచ్చి కూడా ఎందుకు సెప్పలేదు?" అన్నారు. నేల చూస్తూ, "సిగ్గేసింది బాబూ" అన్నాను. ఆయన నవ్వారు. "ఇంట్లో సిగ్గుపడు, సంతలో సిగ్గుపడు. ఇక్కడ మాత్రం అరవాలి. నాను తప్పు సేత్తే నా మీద అరవాలి. తెలిసిందా?" అన్నారు. ఆ మాట మీదే ఆ తర్వాతిదంతా జరిగింది.

మొదటి పెట్టెలు తయారయ్యాక వాటిని చూడ్డానికి ఊళ్ళ నుంచి రైతులు వచ్చారు. కేంద్రం ఇన్‌ఛార్జి గారు వచ్చి, వాళ్ళని కూర్చోబెట్టి, ఏదో ఫోను వస్తే బయటికి వెళ్ళారు. అదే రోజు మేస్త్రి గారి బావ కూడా వచ్చాడు. ఆయన అక్క మొగుడు. మైదానంలో పేరున్న వడ్రంగి. మేస్త్రి గారికి చిన్నప్పుడు ఉలి పట్టడం నేర్పింది కూడా అతనేనట. అందరి ముందూ మేస్త్రి గారు మిషను దగ్గర నిలబడి గార్డు సర్ది, తోపుడు కర్ర చేతిలోకి తీసుకున్నారు. వెనక నుంచి బావ గట్టిగా నవ్వాడు. "ఏరా బామ్మర్దీ, బుట్ట కింద కోడిపిల్లని దాసినట్టు దాన్ని దాసేసేవేటి? ఆ పుల్లేటి? కొండెక్కేక సేతులు పడిపోయేయేటి?" అన్నాడు. రైతులు కూడా నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు, బావా బావమరుదుల సరసం చూసి నవ్వే నవ్వు. కానీ మేస్త్రి గారి మెడ ఎర్రబడడం నాకు కనిపించింది. సిగ్గు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది ఆయనకీ ఉంటుందని మాత్రం అప్పటిదాకా తెలియదు.

ఆయన ప్లగ్గు పీకి, గార్డు విప్పారు. దాంతోపాటు వెనక రెక్కా వచ్చేసింది. కర్ర పక్కన పడేశారు. మళ్ళీ ప్లగ్గు పెట్టబోతుంటే నేను ముందుకు వచ్చాను. "మేస్త్రి గారూ, గార్డు!" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "నోర్మూసుకోయే గుంటా, నువ్వా నాకు సెప్పేది?" అన్నారు. ఈసారి రైతులంతా నన్ను చూసి నవ్వారు. నేను గోడ దాకా వెనక్కి వెళ్ళిపోయాను. చెవులు మండిపోయాయి. ఎవరు ఎలా చూస్తున్నారో అన్న బాధలో ఉన్న నాకు మిషను మొదలైన సంగతి చప్పుడు విన్నాకే తెలిసింది. ఆయన సన్నటి ముక్క కోస్తున్నారు. ముందు ఆ వాసన వచ్చింది. కోసిన చెక్క వెనక మూసుకుని బ్లేడుని పట్టేసింది. పలక ఎగిరి ఎదురుగోడకి తగిలింది. దాన్ని నెడుతున్న ఎడమ చెయ్యి ముందుకు జారింది. ఆయన అరవలేదు. చెయ్యి ఛాతీకి అదుముకుని, "కట్టెయ్, స్విచ్చి కట్టెయ్" అని మాత్రం అన్నారు. కట్టింది నేనే. రెండు వేళ్ళు సగానికి పోయాయి.

ఆసుపత్రిలో ఇన్‌ఛార్జి గారు ఏం జరిగిందని అడిగితే, మిషను అదిరిందని చెప్పారట మేస్త్రి గారు. బావ అప్పటికే బస్సెక్కి వెళ్ళిపోయాడు. మేస్త్రి గారి మాట కాదనేవాళ్ళెవరు? ఇలాంటి మిషను ఉంటే ఇంకెన్ని చేతులు పోతాయోనని ఇన్‌ఛార్జి గారు భయపడి, దాని మీద టార్పాలిన్ కప్పించి, వెనక్కి పంపించేసి శిక్షణ మూసేద్దామన్నారు. నేను మేస్త్రి గారింటికి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. "ఎవరితోనూ మాట్లాడ్డం లేదమ్మా. నొప్పికి కాదు," అంది రాహేలమ్మ గారు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన్ని ఆ స్థితిలో చూడ్డానికి నాకే సిగ్గేసింది, చూడకూడనిదేదో చూస్తున్నట్టు. "మిషను పంపించేత్తారంట బాబూ. మమ్మల్ని ఇళ్ళకి ఎళ్ళిపోమన్నారు," అన్నాను. ఆయన తిరగలేదు. కానీ దుప్పటి కింద భుజాలు కదలడం కనిపించింది.

మిషను ఆటోలోకి ఎక్కిస్తున్న పొద్దున్న ఆయన వచ్చారు. చేతికి పెద్ద కట్టు, నెత్తిన మఫ్లరు. ఇన్‌ఛార్జి గారు, కుర్రాళ్ళు, నేను, అందరం అక్కడే ఉన్నాం. ఆయన ఆటోకి అడ్డంగా నిలబడి, "దింపండి బాబూ. మిషను మంచిదే," అన్నారు. "గార్డు నానే తీసేను. మా బావ నవ్వేడని తీసేను. తియ్యొద్దని ఈ గుంట సెప్పింది. అందరి ముందు దాని నోరు మూయించేను. మళ్ళీ మీకు అబద్ధం సెప్పేను. సేతి ఏళ్ళు పోయినందుకు కాదు, దీనికే నాకు మొకం సెల్లడం లేదు." చెబుతున్నంతసేపూ ఆయన నా వైపే చూశారు. నేను మాత్రం ఆయన వైపు చూడలేకపోయాను. నాకు న్యాయం జరిగిందని సంతోషం కలగాలి. కలగలేదు. అంత పెద్దమనిషి నా కోసం అలా నిలబడి ఉండడం చూసి, ఆగిపోతే బాగుండునని అనుకున్నాను.

మిషను ఉండిపోయింది, ఆయన ఉద్యోగం పోయింది. జాగ్రత్త నేర్పాల్సినవాడే ఇలా చేస్తే ఎలా అన్నారు ఇన్‌ఛార్జి గారు. అది తప్పని కూడా అనలేను. మరి ఎవరు నేర్పుతారని అడిగితే మేస్త్రి గారు నన్ను చూపించారు. "దీనికి ఇవ్వండి. ఆ రోజు ఇక్కడ నోరున్నది దీనికొక్కదానికే," అన్నారు. అలా మిషను పక్కన ఆయన కూర్చునే ఎత్తుపీట నాదయింది. మొదటి రోజు దాని మీద కూర్చోలేక నిలబడే పని చేశాను. నా జీతం మొదటిసారి ఇంటికి తీసుకెళ్ళినప్పుడు మా ఆయన మురిసిపోతుంటే, నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏ తప్పూ చెయ్యకుండా పడే సిగ్గుకి మందు లేదని నాకు అప్పుడే తెలిసింది. చేసిన తప్పైతే ఒప్పుకోవచ్చు. దీన్ని ఎవరికి ఒప్పుకోను?

ఆ తర్వాత ఆయనా రాహేలమ్మ గారూ గూడెం కొత్తవీధి దగ్గర కూతురింటికి వెళ్ళిపోయారు. వెళ్దాం వెళ్దామనుకుంటూనే చాలాకాలం తప్పించుకున్నాను. చివరికి ఒక కాఫీ కోతల కాలంలో వెళ్ళాను. ఇంటిముందు పరిచిన పట్టా మీద ఎర్రటి కాఫీ పళ్ళు పోసుకుని, పచ్చివి ఏరుతూ కూర్చున్నారు. బాగా చిక్కిపోయారు. ఎడమచేతిలో మిగిలిన వేళ్ళతోనే చకచకా ఏరుతున్నారు. నన్ను చూసి, "ఓలమ్మో, చిలకమ్మే! రా, కూకో," అన్నారు. పక్కన కూర్చున్నాను. పని ఎలా సాగుతోందో, కొత్తగా ఎవరు చేరారో అడిగారు. ఆడపిల్లలు ఎక్కువమంది వస్తున్నారంటే, "మంచిది, మంచిది," అన్నారు. నేను చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చున్నానని నాకు తెలియదు. ఆయనే కనిపెట్టారు.

"సలేత్తందా?" అన్నారు.

"లేదు బాబూ."

"మరి ఏటలా దాసేత్తన్నావు? ఇటు తే."

కొంగులోంచి చేతులు తీశాను. ఆయన వాటిని తన ఒళ్ళోకి లాక్కుని, వెనక్కీ ముందుకీ తిప్పి, కొత్తగా చేసిన పీటకి అంచులు తడిమినట్టు ఒక్కొక్క వేలూ కొసదాకా తడిమి చూశారు. సగం వేళ్ళ మొండి కొసలు నా అరచేతికి తగిలాయి. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆయన ముందు ఇంత నిండుగా ఉన్న చేతులు పెట్టుకుని కూర్చోవడం కంటే సిగ్గైన పని నా జీవితంలో చెయ్యలేదు. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"సిగ్గుపడకే పిచ్చిదానా," అన్నారాయన. "నాను సేసిన బెంచీలు సెద తినేత్తాది. ఇయ్యి కూడా నాను సేసినయే. నా ముందే దాసేసుకుంటే ఎలాగ?"

ఆ తర్వాతి వానల్లో ఆయన పోయారని కబురొచ్చింది. నాలో సిగ్గు పోలేదు. షెడ్డులో ఎవరైనా నన్ను మేస్త్రమ్మా అని పిలిస్తే ఇప్పటికీ ఆ పిలుపు ఆయనది, పొరపాటున నా దగ్గరికి వచ్చిందనిపిస్తుంది. ఆ సిగ్గుని మోస్తూనే పని చేస్తున్నాను. చేతులు దాచుకోవడం మాత్రం మానేశాను.