ఏడో నంబరు నాయకుడు

తెలంగాణ వచ్చిన మూడో ఏడాది, వానలు మొదలైన నెలలో, నన్ను ఆదిలాబాద్ నుంచి కదిలించి కరీంనగర్‌కు గంటన్నర దూరంలో ఉన్న ఒక మరమగ్గాల పట్టణంలో ఎస్.ఐ.గా వేశారు. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు ఫోన్లు చేసి తప్పులు దిద్దుతారు. చెప్పకపోయినా చేస్తారు, కాకపోతే కొంచెం తక్కువమంది. నేను కానిస్టేబుల్‌గా చేరి, హెడ్డు, ఏఎస్సై మెట్లన్నీ ఎక్కి, జుట్టు నెరిశాక భుజం మీద రెండు నక్షత్రాలు పెట్టుకున్నవాణ్ణి. ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో తేమ పేరు చెప్పి ధర కోసినప్పుడల్లా రైతులు రోడ్డు మీద కూర్చునేవారు, నేను వాళ్ళ పక్కన లాఠీ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ అనుభవంతో ధర్నాల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒక నమ్మకం ఉండేది. కొత్త స్టేషన్లో అది మూడు వారాలు నిలిచింది.

ఇప్పుడు సాయంత్రం టీవీ పెడితే ముందస్తు అరెస్టుల మీద చర్చలే. ఒకాయన పోలీసులది జులుం అంటాడు, ఇంకొకాయన పోలీసులు మెతకబడ్డారంటాడు. పొద్దున్నే అరెస్టయిన వాళ్ళకి ఉప్మా ఎవరు వండించాలో ఆ ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. నేను టీవీతో గొడవ పెట్టుకుంటుంటే మా ఆవిడ రిమోట్ దాచేస్తోంది. అందుకని కాగితం మీద పడ్డాను.

ముందస్తు అరెస్టు అంటే గొడవ జరిగాక పట్టుకోవడం కాదు, జరుగుతుందేమోనని ముందే పట్టుకోవడం. పెద్ద మంత్రి వస్తున్నాడంటే, సమాచారం సేకరించే విభాగమైన స్పెషల్ బ్రాంచి ఎవరెవరు నల్లజెండా ఎత్తవచ్చో ఒక జాబితా తయారుచేస్తుంది. అది డీఎస్పీ నుంచి సీఐకి, సీఐ నుంచి ఎస్.ఐ.కి దిగుతుంది. దిగేటప్పుడు పేర్లతో దిగుతుంది, తిరిగి పైకి వెళ్ళేటప్పుడు మాత్రం అంకె ఒక్కటే వెళ్తుంది. తెల్లవారకముందే ఇళ్ళకు వెళ్ళి, మనుషుల్ని జీపెక్కించి, ఏ ఫంక్షన్ హాల్లోనో కూర్చోబెట్టి, ఆరున్నరకల్లా వైర్‌లెస్ సెట్లో ఎంతమందో చెప్పాలి. మంత్రి వెళ్ళాక సాయంత్రం సొంత పూచీకత్తు మీద వదిలేస్తాం. ఈలోగా పేరు జనరల్ డైరీలోకి, అక్కడి నుంచి కేసు నంబరు కిందికి ఎక్కిపోతుంది. ఆరితేరిన నాయకులకు అది లెక్కే కాదు. మేం వెళ్ళేసరికి బీపీ మాత్రలు, తువ్వాలు సంచిలో పెట్టుకుని, గడపలో చెప్పులు వేసుకుని కూర్చునేవాళ్ళు.

ఆ వానాకాలం ఊళ్ళో సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. నూలు ధర పెరిగింది, బట్ట కొనే ఆర్డర్లు రాలేదు, యజమానులు షెడ్లకు తాళాలు వేశారు. పగలూ రాత్రీ మోగే ఊరు మూగబోతే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను, నాకే నిద్ర పట్టేది కాదు. పని ఇప్పించాలని కార్మికులు చౌరస్తాలో టెంటు వేసి రిలే దీక్ష మొదలుపెట్టారు. రిలే దీక్ష అంటే రోజుకు కొందరు వంతులవారీగా పస్తుండటం. పొద్దున దండలు వేసి కూర్చోబెడతారు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపుతారు. సరిగ్గా అదే సమయంలో ఒక మంత్రి భవనం ప్రారంభించడానికి వస్తున్నాడని కబురొచ్చింది.

జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఏడో నంబరు ఎదురుగా 'ముఖ్య నాయకుడు, జాగ్రత్తగా వ్యవహరించాలి' అని రాసి ఉంది. పేరు అంజయ్య. జాగ్రత్త అన్నారు కదా అని ఏడో నంబరుకు నేనే స్వయంగా బయల్దేరాను, ఇద్దరు కానిస్టేబుళ్ళతో. ఒకణ్ణి వెనక గోడ దగ్గర నిలబెట్టి తలుపు తట్టాను.

తలుపు తీసిన మనిషి నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "సార్, గింత జల్ది వస్తరనుకోలే! లోపలికి రండ్రి" అంటూ కుర్చీ తుడిచాడు. భార్యను చాయ్ పెట్టమన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ ఫోల్డర్ తీసి చంకలో పెట్టుకున్నాడు. స్టేషన్‌కు రావాలంటే మారు మాట్లాడలేదు. పైగా ఇలా అడిగాడు: "ఫొటోలు రెండు సాల్తయా సార్, ఇంకో రెండు తేవాల్నా?"

నేను ముగ్ధుణ్ణయ్యాను. అరెస్టుకు ఫొటోలు తామే తెచ్చుకునేంత క్రమశిక్షణ గల నాయకత్వాన్ని నా సర్వీసులో చూడలేదు. చాయ్ తాగాను, బాగుందని కూడా అన్నాను. వెనక గోడ దగ్గరున్న కానిస్టేబుల్‌కూ ఒక కప్పు వెళ్ళింది. సాక్షి సంతకాలకు ఉంటారని అంజయ్య పక్కింటి ఇద్దరిని కూడా జీపెక్కించబోతే, అంతమంది వద్దని నేనే ఆపాను. ఆరున్నరకు సెట్లో గర్వంగా పదకొండు అని చెప్పాను.

ఫంక్షన్ హాల్లో ముందురోజు పెళ్ళి పూలు ఇంకా వేలాడుతున్నాయి. పదిమంది నాయకులు ఉప్మా ప్లేట్లు పట్టుకుని పేపరు పంచుకుంటున్నారు. అంజయ్య మాత్రం ఫోల్డర్ ఒళ్ళో పెట్టుకుని, తన పేరెప్పుడు పిలుస్తారా అని నా వైపే చూస్తున్నాడు. అప్పుడు స్టేషన్ రికార్డులు రాసే హెడ్ కానిస్టేబుల్ సత్తయ్య, మేం రైటర్ అంటాం, నా చెవి దగ్గరికి వచ్చి, ఈ మనిషి పాస్‌పోర్టు విచారణ కాగితం వారం నుంచి మీ టేబుల్ సొరుగులోనే ఉంది సార్ అన్నాడు.

 అంజయ్యను పక్కకు పిలిచి అడిగితే సంగతంతా బయటపడింది. అతను ఇంతకుముందు మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడు. సాంచాలు ఆగాక పాత కంపెనీ వాళ్ళు మళ్ళీ వీసా పంపారు. పాస్‌పోర్టు గడువు తీరిపోయింది, కొత్తదానికి పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. నెలాఖరులోపు అక్కడ దిగకపోతే వీసా ఇంకొకరికి పోతుంది. పోలీసులు ఎప్పుడొస్తారా అని వారం రోజులుగా రోజూ తెల్లవారే లేచి, స్నానం చేసి కూర్చుంటున్నాడు. మేం వెళ్ళాం.

ఇది పాస్‌పోర్టు పని కాదు, అరెస్టు అని చెప్పాను. ఫోల్డర్ కిందపడింది. కేసు నంబరు పడితే పాస్‌పోర్టు ఆగిపోతుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "సార్, నేను నాయకున్ని గాదు సార్. ఒక్క పొద్దు కూసున్న, గంతే" అని అదే మాట పదిసార్లు అన్నాడు. అతని భార్య పద్మ అప్పటికే వెతుక్కుంటూ వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. నా ఎదురుగా నిలబడి, "చాయ్ తాగేటప్పుడన్న చెప్పకపోతిరి సార్" అంది. డిపార్టుమెంట్లో నన్ను చాలామంది చాలా తిట్టారు. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

అంతలో బయట బండి ఆగింది. దిగినవాడు మల్లేశం, కార్మిక సంఘం అధ్యక్షుడు, ఆ టెంటు వేసినవాడు. అతని పేరు జాబితాలో లేదు. అందుకే వచ్చాడు. "పదిహేను దినాల సంది టెంట్ల కూసున్నది ఎవలు సార్? నన్నిడిశిపెట్టి అంజిని పట్కపోతరా? వచ్చే నెల సంఘం ఎలచ్చన్లు, నేను మొకం ఎట్ల జూపియ్యాలె?" అని నా మీద ఎగిరాడు. తనను వెంటనే అరెస్టు చేయాలన్నాడు, లేకపోతే అరెస్టు చేయలేదని ధర్నా చేస్తానన్నాడు.

మల్లేశాన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చాక అసలు ముడి వీడింది. నాలుగో రోజు దీక్షలో విలేకరి ఫొటో తీయడానికి వచ్చేసరికి మల్లేశం కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకని అడిగితే ఫోన్ వచ్చిందన్నాడు. సత్తయ్య మాత్రం పక్క సందులో మిర్చి బజ్జీల బండి దగ్గర చూశానని మెల్లగా చెప్పాడు. ఫొటోలో ఖాళీ కనిపిస్తే బాగుండదని, చప్పట్లు కొట్టడానికి వచ్చిన అంజయ్యను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, అధ్యక్షుడి పెద్ద దండ మెడలో వేశారు. మర్నాడు పేపర్లో ఫొటో కింద 'ఎడమ నుంచి' అని పేర్లు పడ్డాయి, మధ్యలో ముఖ్య నాయకుడు అంజయ్య. స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ టెంటు దాకా వెళ్ళకుండా ఆ పేపరు చూసి జాబితా దించేశాడు. అతణ్ణి తిట్టుకున్నాను కానీ, నేనూ ఆ జాబితా చూసే కదా తలుపు తట్టింది.

సీఐ గారికి ఫోన్ చేశాను. ఆయన మంచివారే, కాకపోతే ఆ రోజు మంత్రి హడావుడిలో ఉన్నారు. "లిస్టుల పేరున్నది, మనిషున్నడు, ఇంక నీకేం పరేషాన్? పొద్దుమీకి ఇడిశిపెట్టు" అన్నారు. జాబితా తప్పని చెబితే, తప్పు జాబితా పంపినవాళ్ళు ఊరుకుంటారా అని కూడా అడిగారు. ఆ మాటా నిజమే. నాకు రిటైర్మెంట్‌కు నాలుగేళ్ళుంది, కరీంనగర్‌లో ఇల్లు సగంలో ఆగింది, పైవాళ్ళతో పేచీ పెట్టుకునే సరదా నాకేమీ లేదు. సత్తయ్య జనరల్ డైరీ తెరిచి, కలం మూత తీసి, ఏడో వరుసలో ఏం రాయమంటారని చూశాడు.

మల్లేశం పేరు రాయమన్నాను. అంజయ్యను స్టేషన్‌కు పంపి, నా గదిలో కూర్చోబెట్టమన్నాను.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. మల్లేశం అలా అరెస్టు కాడట. తన కాళ్ళతో తాను వచ్చి అరెస్టయ్యాడంటే ఊళ్ళో ఇజ్జత్ ఏముంటుంది? పద్ధతి ప్రకారం జీపు ఇంటికి రావాలి, గల్లీ చూడాలి. సరేనన్నాను. అతను బండి మీద ముందు ఇంటికి వెళ్ళాడు, జీపు వెనక వెళ్ళింది. వాకిట్లో పావుగంట ఆపి తెల్లచొక్కా మార్చుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో రెక్కా పట్టుకోవాలని చెప్పి, వాళ్ళు పట్టుకున్నాక పోలీసు జులుం నశించాలని గల్లీ దద్దరిల్లేలా అరిచాడు. జీపెక్కాక, గట్టిగా పట్టుకున్నందుకు కానిస్టేబుళ్ళకు థ్యాంక్స్ చెప్పాడట.

తొమ్మిదింటికి నేనూ స్టేషన్‌కు వచ్చి, మనిషి మారాడు కాబట్టి అంకెతో సరిపెట్టకుండా సవరించిన పేర్లు పైకి పంపాను. పావుగంటలో సెట్ మోత మోగిపోయింది. ముఖ్య నాయకుడు అంజయ్య తప్పించుకున్నాడని పక్క మండలాలకు కూడా చెప్పేశారు. రోడ్ల మీద తనిఖీలు మొదలయ్యాయి. డీఎస్పీ గారు స్వయంగా లైన్లోకి వచ్చి, వాడు ఎక్కడున్నాడో తెలుసా అని అడిగారు. నా ఎదురుగానే ఉన్నాడు సార్ అన్నాను. మరి పట్టుకున్నట్టే కదా అన్నారు. లేదు సార్, పాస్‌పోర్టు పని మీద వచ్చాడు అన్నాను. అటువైపు చాలాసేపు ఏమీ వినిపించలేదు. సెట్ పాడైందేమోనని సత్తయ్య దాన్ని రెండుసార్లు చేత్తో తట్టాడు.

ఆ నిశ్శబ్దంలోనే విచారణ ఫారం పూర్తిచేశాను. ఇతనిపై ఎలాంటి కేసులూ లేవు, అభ్యంతరం లేదు అని రాసి సంతకం పెట్టాను. పక్కింటి సాక్షులిద్దరూ ఆటోలో వచ్చి సంతకాలు చేశారు. పోస్టులో పెడితే ఎక్కడ ఆగుతుందోనని అదే రోజు ఒక కానిస్టేబుల్‌తో కరీంనగర్ పంపించాను. వారం రోజులు సొరుగులో పెట్టుకున్నవాడికి ఆ మాత్రం తొందర ఉండాలి.

మంత్రి మాత్రం రాలేదు. వాన ఎక్కువై పర్యటన రద్దయిందని పదకొండింటికి కబురొచ్చింది. అందర్నీ వెళ్ళిపొమ్మన్నాను. పదిమంది వెళ్ళిపోయారు. మల్లేశం వెళ్ళలేదు. విలేకరి నాలుగింటికి వస్తానన్నాడట. అప్పటిదాకా ఫంక్షన్ హాల్లోనే కూర్చుని మధ్యాహ్నం భోజనం కూడా చేసి, ఫొటో దిగి ఇంటికెళ్ళాడు. సంఘం ఎన్నికల్లో గెలిచాడు. సాంచాలు ఎప్పుడు మొదలవుతాయని అడిగితే మాత్రం అతని దగ్గర గానీ నా దగ్గర గానీ జవాబు లేదు. మంత్రి వచ్చి ఉంటే ఆయన దగ్గర ఉండేదో లేదో తెలియదు.

అంజయ్య నెలాఖరుకు రెండు రోజుల ముందు విమానం ఎక్కాడు. ఊరు విడిచి వెళ్ళడం అతనికి మేలో కాదో నేను చెప్పలేను. వెళ్ళాలో వద్దో తేల్చుకోవాల్సింది అతను, మధ్యలో నేను అడ్డు తగిలాను, తప్పుకున్నాను.

తర్వాతి నెలలో నాకు మెమో వచ్చింది. జాబితాలోని వ్యక్తిని పై అధికారి అనుమతి లేకుండా ఎందుకు విడిచిపెట్టారో సంజాయిషీ ఇమ్మన్నారు. అతనెవరో అడగకుండా తీసుకురావడం నా తప్పు, అడిగాక వదిలేశాను అని రెండు వాక్యాలు రాశాను. అది వాళ్ళకు నచ్చలేదు. సర్వీసు పుస్తకంలో మందలింపు పడింది.

ఆ సంఘటన నేర్పింది చిన్న విషయం. జాబితా ఎవరు పంపినా, జీపు తలుపు తీసేముందు ఎదుటి మనిషిని నువ్వెవరు, ఏం పని చేస్తావు అని అడగాలి. ఒక్క నిమిషం పని. మిగిలిన నాలుగేళ్ళూ అడిగాను. దానివల్ల ఆరున్నర అంకె ఆలస్యమై చీవాట్లు కూడా తిన్నాను. నా సర్వీసు పుస్తకంలో రివార్డులు రెండు పేజీలున్నాయి, వాటిలో ఒక్కటీ ఎందుకిచ్చారో గుర్తులేదు. మందలింపు ఒక్కటే ఉంది. అది ఎందుకో ఎవరడిగినా చెబుతాను.