రెండు కెమెరాల మధ్య తొమ్మిది నిమిషాలు

2024 చలికాలం. కువైట్‌లో దజీజ్ దగ్గర కార్ల సామాను అమ్మే అంగడిలో నేను ఎలక్ట్రీషియన్‌గా చేరి అప్పటికి పదమూడేళ్ళు. మాది రాయచోటి. స్టీరియోలు, అలారాలు, వెనక కెమెరాలు బిగించడం నా పని. అడిగినవాళ్ళకు కౌంటర్ కింది నుంచి రాడార్ డిటెక్టర్లు కూడా తీసి ఇచ్చేవాళ్ళం. పోలీసుల కంటపడితే లాక్కుంటారని తెలుసు. అయినా అమ్మేవాణ్ణి.

ఆ పరికరం చేసే పని చిన్నదే. పోలీసుల రాడార్ ఒక తరంగాన్ని పంపుతుంది. అది బండికి తగిలి తిరిగి వచ్చేటప్పుడు కలిగే మార్పును బట్టి వేగం తేలుతుంది. ఆ తరంగాన్ని డిటెక్టర్ కాస్త దూరం నుంచే పసిగట్టి మోగుతుంది. కొనేవాడు రెండు సంగతులు చూసుకోవాలి. ఎంత దూరం నుంచి పసిగడుతుంది? సూపర్‌మార్కెట్ తలుపుల సెన్సర్లకు కూడా ఊరికే మోగుతుందా? మూడోది నాలాంటివాడు చెప్పాలి. కొన్ని రోడ్ల మీద పాయింట్ టు పాయింట్ కెమెరాలు ఉంటాయి. మొదటి కెమెరా మన నంబర్‌ను, టైమును రాసుకుంటుంది. కొన్ని కిలోమీటర్ల అవతల రెండోదీ అదే చేస్తుంది. మధ్య దూరం ఎంతసేపట్లో దాటామన్నదే లెక్క. ఇవి తరంగాలేవీ పంపవు కాబట్టి వీటి ముందు డిటెక్టర్ మూగది.

ఇది తెలిసే ఈశ్వరయ్యన్న బస్సుకు ఒకటి బిగించాను.

ఆయన లక్కిరెడ్డిపల్లె వైపు మనిషి. జిలీబ్ నుంచి షుఐబా ఫ్యాక్టరీలకు పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సు నడుపుతాడు. గేటు దగ్గర హాజరు పంచింగ్ ఒక్క నిమిషం దాటినా సగం రోజు జీతం పోయినట్టే. అందుకని అందరూ ఆయన్ను తరుముతారు. అప్పటికే వేగం కేసులు పడి ఉన్నాయి. ఇంకో రెండు పడితే లైసెన్సు ఆపేస్తారు. డ్రైవర్ ఇఖామా మీద, అంటే ఆ పనికే ఇచ్చిన నివాస అనుమతి మీద, ఉన్నవాడికి లైసెన్సు పోతే ఊరికి టిక్కెట్టే.

"ఇది పెట్టుకుంటే అన్నీ తెలుస్తాయా బాషా?" అని అడిగాడు.

"మంచి మాడల్ అన్నా" అన్నాను. అడిగిందానికి అది జవాబు కాదు. అబద్ధమూ కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని నిదానంగా చెప్పాడు. కొత్త కెమెరాల రోడ్డు మీద ఇంకో కేసు పడింది. అది కాదు ఆయన బాధ. మునుపు ఆయన నెమ్మదిగా పోతే జనం సణుక్కుని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు డబ్బా వైపు వేలు చూపిస్తున్నారట. అది మోగలేదు కదా, ఇంకెందుకు భయం, యల్లా, పోనీ అని. నేను బిగించిన పెట్టె ఆయన కాలిని ఆక్సిలరేటర్ మీద నొక్కుతోంది.

"నేను చెప్తే పిరికోడంటాండారు. నువ్వు మెకానిక్కువి. రేపు బస్సెక్కి నీ నోటితో చెప్పు."

మర్నాడు తెల్లవారుతుండగా జిలీబ్‌లో ఎక్కాను. నలభై మంది. ఎక్కువమంది కడప, అన్నమయ్య జిల్లాలవాళ్ళే. సీట్ల మధ్య నిలబడి కెమెరాల సంగతంతా చెప్పాను. ఈ డబ్బా వాటిని కనిపెట్టలేదని అమ్మినరోజే నాకు తెలుసని కూడా చెప్పాను.

"తెలిసీ అంటగట్టినావా? భలేవోనివే" అని ఎవరో నవ్వారు. తక్కినవాళ్ళు నవ్వలేదు.

ముందు సీట్లో చలమయ్య అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పైపులకు రంగు వేసే పని. దారిలో రోజూ ఆయనే భజన ఎత్తుకుంటాడని తర్వాత తెలిసింది. "ఆ రెండిట్ల మధ్య సక్రమంగా పోతే ఎంతసేపు పట్టాల నాయనా?" అని అడిగాడు.

పన్నెండు కిలోమీటర్లు, ఎనభై వేగం. తొమ్మిది నిమిషాలు అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు, వేళ్ళు మడిచాడు. "మన రెండో పాట, పల్లవి మూడేసి మార్లు తిప్పితే అంతే. పాట అయ్యేలోపల రెండో కెమెరా వచ్చిందంటే తప్పు మనదే. రేపట్నుంచి పది నిమిషాలు ముందే లేద్దాం." ఎవరూ ఎదురు చెప్పలేదు.

మొదటి కెమెరా కిందికి రాగానే ఆయన చేతిలో భజన చెక్కలు మోగాయి. నాకు నమ్మకం లేక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. మధ్యలో ఉషారెక్కి కొందరు తాళం పరిగెత్తించబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఎడమవైపు ఎడారి, పైన ఎర్రబడుతున్న ఆకాశం, లోపల నలభై గొంతులు. డబ్బా ఊరికే ఉంది. పాట ఆఖరి చరణం దించి ఆయన చెక్కలు ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు రెండో కెమెరా కిందికి వచ్చింది. స్టాప్‌వాచ్ తొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు చూపిస్తోంది.

వేగం తెలియడానికి డ్రైవర్‌కు ముందున్న మీటరు చాలు. కానీ ఆ మీటరు వెనక సీట్లకు కనిపించదు. పదమూడేళ్ళు బండ్లకు పరికరాలు బిగించిన నాకు తట్టని ఆ సంగతి రంగులు వేసే మనిషికి అరనిమిషంలో తట్టింది. అంతకన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. నేను చెప్పిన ఒక్క నిజాన్ని వాళ్ళు అంత తొందరగా పనిలో పెట్టుకున్నారు. ఇది మొదటిరోజే చెప్పి ఉంటే ఆ కేసు పడేది కాదు.

షుఐబా గేటు దగ్గర అందరూ దిగారు. పంచింగ్‌కు ఆలస్యమైంది. సగం రోజు పోయింది. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను డబ్బా విప్పడానికి స్క్రూడ్రైవర్ తీశాను. ఈశ్వరయ్యన్న పక్కన నిలబడి చూస్తున్నాడు.

"క్షమించు అన్నా" అన్నాను.

"నలుగురిలో చెప్పినావు కదా. ఖలాస్."

ఆయనకు అక్కడితో అయిపోయింది. ఆయన లైసెన్సు ఇప్పటికీ చేతిలోనే ఉంది. నాకు మాత్రం అయిపోలేదు. ఆ పదమూడేళ్ళలో నా చేత డిటెక్టర్ బిగించుకుని, నేను చెప్పనిది తెలియక ఆ రోడ్ల మీద పోతున్నవాళ్ళు ఎందరో. వాళ్ళ ఫోన్ నంబర్లు కూడా నా దగ్గర లేవు. ఇప్పుడు ఎవరు ఏ పరికరం అడిగినా, అది ఏం చేయలేదో ముందు చెప్పి, ఆ తర్వాతే పెట్టె తెరుస్తాను.