టైర్ల గాలి తీసిన సాయంత్రం

మొన్న రియాద్‌లో, మలాజ్ పేట టీ కొట్టులో కూర్చుని ఉంటే టీవీలో పోటీ కార్లు ఇసుక దిబ్బల మీద ఎగిరి పడుతున్నాయి. కొట్టు నడిపే నిజామాబాద్ ఆయన కన్ను గీటి, "తాతా, గీళ్లకు గూడ నువ్వే నేర్పినవా?" అన్నాడు. నవ్వేవాళ్లను నవ్వనీ. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటిసారి ఈ ఎడారికి వచ్చిన ఆ సీజన్‌లో, ఉనైజా ఊళ్లో నాకు వీసా ఇచ్చి ఇంటి డ్రైవరుగా పెట్టుకున్న యజమాని, అదే మా కఫీల్, ఆయన కూతురు స్టీరింగ్ పట్టి బరిలోకి దిగింది. ఆమె గురువును నేనే. ఈ మాట బురైదా నుంచి రియాద్ దాకా చాటాను.

చివరి రోజు కఫీల్ నన్నూ వెంటబెట్టుకుని దిబ్బ ఎక్కాడు. ఐదింటిలోగా ముగింపు గీత దాటకపోతే ఆమె సీజన్ అక్కడితో సరి. పది నిమిషాలుందనగా మా కళ్లెదుటే కారు పొట్టదాకా కూరుకుపోయింది. బయటివాళ్లు చెయ్యి వేస్తే పోటీలోంచి తీసేస్తారు. కఫీల్ వేళ్ల మధ్య జపమాల ఆగిపోయింది. నేను గొంతు చించుకుని, "బిడ్డా, గాలి తియ్యి!" అని అరిచాను. ఆమే, పక్కన దారి చెప్పే మనిషీ దిగి నాలుగు టైర్ల గాలీ కొంత తీశారు; మెత్తబడి వెడల్పైన టైరు ఇసుకలో దిగబడదు. బురదలోంచి గేదె లేచినట్టు కారు ఒళ్లు విరుచుకుని లేచింది. రెండు నిమిషాలు మిగిలుండగా గీత దాటింది! కఫీల్ నన్ను వాటేసుకుని ఏడ్చాడు.

ఇక నిజం. ఆ ఇంజన్ల హోరులో నా తెలుగు కేక ఆమెకు వినిపించనే లేదు. నేను నోరు తెరిచేసరికే ఆమె రెండో టైరు దగ్గర ఉంది. ఆమె గురువునన్న మాటా అంతే. ఆమె ఆరో తరగతిలో ఉన్నప్పుడు, బడి నుంచి తెస్తూ, అడ్డదారి తెలుసని బడాయికి పోయి జీపును ఇసుకలో దించాను. గాలి తక్కువైందనుకుని పంపు తీశాను. "సదీక్, పిచ్చా? నింపకు, తీసెయ్!" అని (సదీక్ అంటే దోస్తు) ఆ పిల్ల దిగి, పుల్లతో వాల్వు నొక్కి చూపించింది. ఇంట్లో చెప్పొద్దని వచ్చీరాని అరబీలో బతిమాలాను. చెప్పలేదు. గీత దాటిన సాయంత్రం విలేకరులు, ఈ కిటుకు ఎవరు నేర్పారని అడిగితే, నన్ను చూపించి, "మా డ్రైవర్" అంది. అంత పెద్ద అబద్ధాన్ని ఆమె మొదలుపెట్టాక నడపడం నా డ్యూటీ కాదా?

వెనక సీట్లో నిద్రపోయే పిల్ల ముందు సీటుకు ఎదగడాన్ని అన్నేళ్లూ అద్దంలో చూస్తూనే ఉన్నాను; కాలం ఎంత వేగంతో పోతోందో మాత్రం ఆ అద్దంలో కనిపించలేదు.