బర్కా బావి నీళ్లు తాగి చెప్పడానికి

మస్కట్‌లో ఉన్న రోజుల్లో నేను చేసిన ప్రయాణాల్లో చిన్నదీ, మనసులోంచి పోనిదీ బర్కా ప్రయాణమే. తొంభైల మొదట్లో సంగతి. మా పిన్ని కూతురు సుజాత, దాని మొగుడు ఓబులేసు అప్పటికి ఏడాదిగా, సముద్రం ఒడ్డునున్న ఆ బర్కాలో ఒక ఖర్జూర తోటలో కాపురం ఉంటున్నారు. ఓబులేసు ఏసీ మెకానిక్కు. "మా ముత్తాత అడవి కొట్టి సేద్యం చేసినాడు, నేను చేయలేనా?" అంటూ కంపెనీ వదిలేసి, తోట యజమాని కింద వీసా మార్పించుకున్నాడు. కరెంటు వద్దు, ఫ్రిజ్ వద్దు, మోటారు వద్దని పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని వెళ్లాడు. వాడి తిక్క ఎన్నాళ్లుంటుందో చూద్దామని మేమంతా నవ్వుకున్నాం. ఒకరోజు తెలిసినవాళ్లతో కబురు పంపాడు. బావి నీళ్లు ఉప్పని సుజాత అంటోందట, తీపని తనంటున్నాడట, వదినను నేనే వచ్చి తాగి చెప్పాలట.

శుక్రవారం పొద్దున్నే మేముండే హమ్రియా నుంచి టాక్సీలు దొరికే రువి దాకా నడిచి షేర్ టాక్సీ ఎక్కాను. సీబు మీదుగా బర్కా రౌండబౌట్‌కు గంట పైనే పట్టింది, సీటుకు రియాలు లోపే తీసుకున్నాడు. డ్రైవరు పెద్దాయన ఒమానీ, హిందీ బాగా వచ్చు. "బర్కా మే క్యా కామ్?" అన్నాడు. బావి నీళ్లు రుచి చూడాలన్నాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. సముద్రం వైపు చెయ్యి చూపించి, అది నేల కిందుగా తోటల్లోకి వస్తోందని చెప్పాడు. రౌండబౌట్ నుంచి మట్టిదారిన ఎండలో నడిచి తోట చేరాను.

సుజాత కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంది. "పొద్దున పెట్టిన పప్పు అక్కా, ఇంకా ఉడకల్యా," అంది. గొంతు తగ్గించి, "ఈ నీళ్లు పనికిరాకుంటే ఊరికి పోవాల్సిందే. కంపెనీ మళ్లా తీసుకోదు. అందుకే ఆయన ఒప్పుకోడు," అంది. పెరట్లో బెండ మొక్కల ఆకులు అంచులు మాడిపోయి ఉన్నాయి.

ఓబులేసు నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లాడు. "ఎండలకు నీళ్లు అడుక్కు పోయినాయి వదినా. మన పక్క ఏం చేస్తాం? ఇంకా లోతు తవ్వుతాం. నేనూ తవ్వితి. చూడు, ఎన్ని నీళ్లో." నిజమే, కావలసినన్ని నీళ్లు. చేదతో తోడి చెంబు నా చేతికిచ్చి, నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ గుక్క గొంతు దిగలేదు.

"ఉప్పే, ఓబులేసూ."

"కొత్త ఊట గదా వదినా. నాలుగు దినాలు తోడితే తేటబడతాది."

"తోడేకొద్దీ సముద్రమే వస్తుంది నాయనా. మన కడప కాదిది."

వాడు బావి గట్టు మీద కూలబడ్డాడు. వెనకే వచ్చిన సుజాత వాదంలో గెలిచినదే, కానీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా మాటే నిజం కావాలని ఎప్పుడనుకుంటినక్కా," అంది.

చలికాలం రాకముందే వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. ముత్తాతల్లాగా కట్టెలు కొట్టుకోవచ్చు, దీపం బుడ్డితో బతకొచ్చు, అదంతా ఆ ఆలుమగలు చేసి చూపించారు. ముత్తాత కాలి కింద ఉన్న నీళ్లు మాత్రం వాళ్లకు దొరకలేదు, తవ్వడం బాగా తెలియడమే వాళ్ల కొంప ముంచింది. నవ్విన మాకు తర్వాత చాలా సిగ్గేసింది. అటు తోటలు చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట: తాగే నీళ్లు మీరే పట్టుకెళ్లండి. ఎవరైనా చెంబు ఇస్తే, వాళ్లు మీ ముఖం చూస్తుండగా మాత్రం తాగకండి.