క్యాప్సూల్ గదిలో తడిబట్ట

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం, ఎండలు మొదలవుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను దోహాలో పదకొండేళ్లు చిల్లర్లు అనే పెద్ద ఏసీ యంత్రాల మీద పనిచేసి తిరిగి వచ్చి, సుల్తానాబాద్ దాటాక రోడ్డు పక్కనున్న ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో ఏసీ విభాగం చూసుకుంటున్నాను. ఏసీ అనగానే అందరూ చల్లదనమే అనుకుంటారు. మందుల ఫ్యాక్టరీలో అది సగం పనే. మిగతా సగం గాలిలోని తేమ, అంటే హ్యుమిడిటీ. అది ఎక్కువైతే మందుపొడి ముద్దకడుతుంది. తక్కువైతే పొడి నింపే క్యాప్సూల్ గొట్టం పెళుసెక్కి పగులుతుంది. మా క్యాప్సూల్ గదిలో తేమ నలభై ఐదు శాతం దగ్గర నిలవాలి. గోడకున్న సెన్సర్ దాన్ని కొలుస్తుంది. ఆ అంకెను బట్టి డీహ్యుమిడిఫయర్ అనే యంత్రం గాలిలో తేమను పీల్చేస్తుంది. సెన్సర్ ఏం చెబితే యంత్రానికి అదే నిజం. నాకూ అంతే.

ఆ గదిలో రాజవ్వ పనిచేసేది. మెట్‌పల్లి దగ్గరి ఊరామె. ఇరవై ఏళ్లు బీడీలు చేసి, తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంటే మానేసి, సుల్తానాబాద్‌లో కూతురి దగ్గరికి వచ్చి మా దగ్గర చేరింది. ఖాళీ గొట్టాల డబ్బాలు తెచ్చి యంత్రంలో పోయడం, పగిలినవి ఏరి పక్కన పెట్టడం ఆమె పని. నెల జీతం, ఆదివారం సెలవు ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. ఆ ముచ్చట కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది.

ఉన్నట్టుండి క్యాప్సూళ్లు ఎక్కువగా పగలడం మొదలైంది. యంత్రం తప్పని కొందరు, గొట్టాలు పంపిన కంపెనీ తప్పని కొందరు అన్నారు. గాలి తప్పు మాత్రం కాదని నేను గట్టిగా చెప్పాను. ఒకరోజు ఆ గదికి వెళ్లినప్పుడు రాజవ్వ నన్ను ఆపింది.

“సారూ, గీ గదిల గాలి జర ఎండుగున్నట్టున్నది. పెదాలు పలుగుతున్నయి.”

నేను గోడ మీది అంకె చూపించాను. నలభై ఐదు.

“ఎండకాలం రాజవ్వా. నీళ్లు మంచిగ తాగు,” అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత వారానికి రాజవ్వ షిఫ్టులో పగలడం తగ్గింది. ఆమె చెయ్యి మంచిదని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. ఇంకో నాలుగు రోజులకు ఆ చెయ్యి రహస్యం అతనికే దొరికింది. ఖాళీ గొట్టాల డబ్బా మూతి మీద తడిపి పిండిన బట్ట కప్పి ఉంది.

బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మందు తయారయ్యే గదిలోకి లెక్కలో లేని తడి వచ్చిందంటే దాని వెంట ఏ క్రిమి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆ బ్యాచ్ మొత్తం ఆపేశారు. క్వాలిటీ మేనేజర్ మూర్తిగారు స్వయంగా వచ్చారు. ఆయన విజయవాడ వైపు మనిషి, నిబంధన అంటే నిబంధనే. గదిలో తేమ ఎంతుందో కొలవమని నన్నూ పిలిపించారు. గౌన్లు, మాస్కులు తొడుక్కుని ముగ్గురం ఆ గదిలో నిలబడ్డాం.

“ఇలా చేయమని నీకెవరు చెప్పారమ్మా?” అని ఆయన అడిగారు.

“ఎవ్వలు చెప్పలే సారూ. తునికాకు ఎండితే గింతే, బీడీ చుడుతుంటే పలుగుతది. తడి గోనెల పెడితే మెత్తగైతది. గీ గొట్టాలు గూడ గట్లనే పలుగుతుంటే బట్ట కప్పిన. గొట్టాలకు తాకనియ్యలే.”

“ఇది బీడీల కార్ఖానా కాదు. నిన్ను పనిలో ఉంచడం కుదరదు.”

రాజవ్వ నావైపు చూసింది. “గీ సారుకు ముందుగాలనే చెప్పిన,” అంది.

చేతిలోని మీటరు చూశాను. దాన్ని ముడిసరుకు ఉంచే చల్లటి స్టోరు గదిలోంచి అప్పుడే తెచ్చాను. నలభై నాలుగు చూపిస్తోంది. “గాలి సరిగ్గానే ఉంది సార్,” అని మీటరు బల్ల మీద పెట్టాను. మూర్తిగారు ఫారం రాయడం మొదలుపెట్టారు. రాజవ్వ ఒక ఖాళీ గొట్టం తీసి వేళ్ల మధ్య ఒత్తింది. అది చిట్లింది.

“మంచిదైతే సొట్ట పడ్తది సారూ, గిట్ల పలుగది,” అంది ఎవరితోనో అన్నట్టు.

ఆమె మొహం చూడలేక మీటరు వైపు తిరిగాను. నలభై. కాసేపటికి ముప్పై ఆరు. చివరికి ముప్పై ఒకటి దగ్గర ఆగింది. గోడ మీద మాత్రం నలభై ఐదే.

నాకు విషయం అర్థమైంది. చల్లటి నీళ్ల సీసా బయటపెడితే దాని చుట్టూ చెమ్మ చేరుతుంది కదా, చల్లబడిన మీటరుకూ అలాగే చుట్టూ ఉన్న గాలి నిజానికంటే తడిగా అనిపించి, అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే కొలిచే ముందు మీటరును గదిలో అరగంట ఉంచాలి. నెల కిందట క్యాలిబ్రేషన్, అంటే గోడ సెన్సర్‌ను మీటరుతో సరిచూసే పని, చేసింది నేనే. ఆ రోజు హుజూరాబాద్‌లో మా మరదలింట్లో దావత్. స్టోరులోంచి మీటరు తెచ్చి పది నిమిషాల్లో పని ముగించాను. గోడ సెన్సర్ తక్కువ చూపిస్తోందనుకుని దాని అంకె పెంచి, సరిగ్గా ఉన్నదాన్ని తప్పు చేసి పోయాను. నెల రోజులుగా యంత్రం నా మాట నమ్మి గదిని ఎండబెడుతోంది.

సెన్సర్ పాడైందంటే చాలు, నా తప్పు బయటపడదు. సెన్సర్లు పాడవుతూనే ఉంటాయి, ఎవరూ మరో మాట అడగరు. కానీ అప్పుడు రాజవ్వ చెప్పింది ఎవరికీ పట్టదు, ఆమె పని పోతుంది. ఆమె మూర్తిగారి కలం వైపే చూస్తోంది. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

“సార్, తప్పు నాది. ఆమె ముందే చెప్పింది, నేను నవ్విన,” అని జరిగింది చెప్పాను.

మూర్తిగారు రాయడం ఆపారు. “ఇదంతా రాసిస్తారా?”

“రాసిస్త సార్.”

బట్ట కప్పిన బ్యాచ్‌ను కాల్చేశారు. నాకు మెమో వచ్చింది. రాజవ్వ ఉద్యోగం నిలిచింది గానీ ఆ గది పోయింది. ఆమెను అట్టపెట్టెల ప్యాకింగ్‌కు మార్చారు. తడిబట్ట తప్పే కాబట్టి అంతకంటే అడగలేకపోయాను.

ఇప్పుడు నేను మీటరును గదిలో పెట్టి అరగంట కూర్చుంటాను. ఊరికే కూర్చోకుండా అక్కడ పనిచేసేవాళ్లను అడుగుతాను, పెదాలు ఎట్లున్నయి, గొట్టం ఒత్తితే ఏమైతున్నదని. ఫారంలో దానికి గడి లేదు. పక్కన ఖాళీలో రాసి సంతకం పెడతాను. అలా మొదటిసారి రాసిన రోజు ప్యాకింగ్‌కు వెళ్లి రాజవ్వకు చెప్పాను. ఆమె అట్టపెట్టె మడుస్తూ, తల ఎత్తకుండానే అంది:

“గప్పుడే గీ మాట అడిగితే, నేను బట్టెందుకు తడుపుదు సారూ?”